రాత్రి ఇస్తేనే పూసే గోగు

అమెరికా చలికాలంలో, నేలమాళిగలో, ఇంట్లో వాడే మామూలు ఎల్‌ఈడీ బల్బుల కింద గోంగూర పెంచి, గింజ కట్టించిన ఆరు నెలల కథ

ఫిబ్రవరి 9 ఉదయం. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి చుట్టూ మోకాలి లోతు మంచు. వాకిట్లో కారు ఎక్కడుందో పోల్చుకోలేనంతగా కప్పేసింది. నేను మాత్రం బట్టలు ఉతికే మెషీన్ పక్కన, బేస్‌మెంట్‌లో, ఒక ఇనుప అర ముందు నిలబడి గోగుపువ్వు చూస్తున్నాను. లేత పసుపు రేకులు, నడుమ కుంకుమ ముద్దలాంటి ముదురు మచ్చ. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో దసరా దాటాక గట్ల వెంట ఎకరాలకు ఎకరాలు పూసేది ఈ పువ్వే. మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది కాబట్టి అమ్మాయిని నిద్ర లేపి తీసుకొచ్చాను. అది మెట్ల మీదే కూర్చుండిపోయి, "అమ్మా, సూర్యుణ్ణి ఒక్కరోజు కూడా చూడకుండా పూసింది" అంది.

ఆ మొక్క పుట్టి పెరిగిందంతా ఎల్‌ఈడీ బల్బుల కిందే. మొక్కల కోసమని ప్రత్యేకంగా తయారుచేసినవి కావు. వంటింట్లో, వరండాలో పెట్టుకునే 9 వాట్ల బల్బులు. పెట్టె మీద 'పాత 60 వాట్ల బల్బుకు సమానం' అని రాసి ఉంటుందే, అవి.

గోంగూర కోసం ఇంత ప్రయాస ఎందుకని అడిగేవాళ్లు విదేశంలో తెలుగు ఇల్లు చూసినవాళ్లు అయ్యుండరు. వేసవి వస్తే అక్కడ పెరటిలో మొదట నాటేది గోంగూరే. మే నెలలో విత్తనం వేస్తే జులై, ఆగస్టుల్లో మనిషెత్తు పెరిగి, ఊరంతా పంచినా తరగనంత ఆకు ఇస్తుంది. అక్టోబరులో ఒక రాత్రి మంచు పడుతుంది. తెల్లారేసరికి మొక్కలన్నీ ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోతాయి. ఆకు పోయిందన్నది చిన్న బాధ. గింజ కట్టకుండానే పోవడం అసలు బాధ. మా అమ్మాయి ఏడేళ్లుగా గోంగూర పెంచుతోంది. ఏడేళ్లలో ఒక్క కాయ కోయలేదు. ప్రతి వసంతంలోనూ గింజల కోసం ఎవరినో ఒకరిని అడగాల్సిందే. కిందటి సెప్టెంబరు చివర నేను వెళ్లినప్పుడు దాని స్నేహితురాలు ఇచ్చిన గింజలు గుప్పెడు మిగిలి ఉన్నాయి. ఇండియా నుంచి పెట్టెలో చెప్పకుండా తీసుకెళ్దామనుకుంటే కుదరదు. విమానాశ్రయంలో విత్తనాల సంగతి చెప్పి తీరాలి, తగిన ధ్రువపత్రం లేకపోతే అక్కడే తీసేసుకుంటారు.

ఈసారి గింజ కట్టించాలని ఇద్దరం పట్టుపట్టాం.

పేరులోనే గంజాయి

మన గోగుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హైబిస్కస్ కానబినస్. కానబినస్ అంటే గంజాయిని పోలినది అని అర్థం. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1759లో ఈ పేరు పెట్టాడు. గంజాయి మొక్కకు కానబిస్ సటైవా అని అంతకు ఆరేళ్ల ముందే నామకరణం చేసి ఉన్నాడు కాబట్టి, చేతివేళ్లలా చీలిన ఆకు చూడగానే ఆ పోలిక తట్టి ఉంటుంది. తెలుగువాళ్లు గోంగూర అని తినేది రెండు జాతుల ఆకు. ఒకటి ఈ గోగు. రెండోది హైబిస్కస్ సబ్దరిఫా. తెలంగాణలో పుంటికూర అనేది కూడా ఈ కూరనే. రెండూ బెండ, పత్తి, మందారం ఉన్న కుటుంబంలోవే. గంజాయితో వాటికి చుట్టరికం లేదు. మత్తు లేదు, ఆ వాసనా లేదు. గంజాయిలో ఒక్కో వేలు ఒక్కో విడి ఆకులా కాడ దాకా చీలి ఉంటుంది. గోగులో వేళ్లు అడుగున అతుక్కుని ఒకే ఆకుగా ఉంటాయి. తెలిసినవాళ్లకు చూడగానే తేడా పట్టుబడుతుంది.

తెలియనివాళ్లకు మాత్రం ఇబ్బందే. 2014 అక్టోబరులో జార్జియా రాష్ట్రంలో హెలికాప్టర్‌లో తిరుగుతున్న పోలీసులు ఒక ఇంటి పెరట్లోని మొక్కలను గంజాయి అనుకొని, ఆయుధాలతో, కుక్కతో వచ్చి తలుపు తట్టారు. తీరా చూస్తే అవి బెండ మొక్కలు. బెండాకు కన్నా గోగాకు ఎక్కువ పోలిక. అందుకే మా అల్లుడు మొదటివారమే బేస్‌మెంట్ కిటికీకి తెర కట్టాడు. "అత్తయ్యా, రాత్రి పదింటిదాకా కిటికీలోంచి తెల్లటి వెలుగు, లోపల అయిదు వేళ్ల ఆకులు. బయటినుంచి చూసేవాడు ఏమనుకుంటాడో ఆలోచించండి" అన్నాడు. అతని భయం అర్థంలేనిది కాదు. న్యూజెర్సీలో 2021 నుంచి పెద్దవాళ్లు గంజాయి దగ్గర ఉంచుకోవడం చట్టసమ్మతమే గానీ ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. పక్కనున్న న్యూయార్క్‌లో మనిషికి ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దలు ఒక్కొక్కరు మూడు మొక్కలు ఇంట్లో పెంచుకునే వీలు ఇచ్చారు. కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు. అమెరికా కేంద్ర చట్టంలో మాత్రం ఇంకా నేరం కిందే ఉంది. వీసా మీదున్న మన పిల్లలకు ఇది ప్రాణసంకటం. రాష్ట్రం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. వాడానని, పెంచానని ఒప్పుకున్న ఒక్క మాట వీసాకూ గ్రీన్‌కార్డుకూ అడ్డు పడగలదు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈ విషయం ముందే చెప్పి పంపాలని నా కోరిక. ఇక మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్లదాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. కుండీలో ఒక్క మొక్క అయినా సాగు కిందే లెక్క.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సూర్యుడు లేని గదిలో దీపం కింద మొక్కను పెంచే విద్యలో చాలా భాగం గంజాయి పెంపకందార్ల చేతుల్లోనే ముదిరింది. దాచుకుని పెంచాలి కాబట్టి వాళ్లు ఇంటిలోపలికి వెళ్లారు. వేడితో సెగలు కక్కే సోడియం దీపాలతో మొదలుపెట్టి, ఎల్‌ఈడీల దాకా వచ్చారు. ఏ బల్బు ఎంత దూరం, రోజుకు ఎన్ని గంటలు అన్న లెక్కలన్నీ వాళ్లు ఏళ్ల తరబడి పోల్చుకున్నారు. హార్డ్‌వేర్ దుకాణంలో మేం టైమర్ కొనబోతే, ఆ వరసలో ఉన్న దీపాల పెట్టెల్లో సగం వాటి మీద అయిదు వేళ్ల ఆకు బొమ్మే ఉంది. ఆ విద్యను గోంగూరకు వాడుకోవడంలో తప్పు లేదు. పైగా గోగుకూ గంజాయికీ ఆకు పోలిక ఒక్కటే కాదు, స్వభావంలో ఇంకా లోతైన పోలిక ఒకటి ఉంది.

చీకటిని లెక్కపెట్టే మొక్కలు

1912 ప్రాంతంలో పారిస్‌లో జూలియన్ తూర్న్వా అనే యువ శాస్త్రవేత్త గంజాయి జాతి నార మొక్కను, హాప్ తీగను గాజు ఇంట్లో పెంచుతున్నాడు. చలికాలంలో విత్తిన మొక్కలు ఎదగకుండానే, జానెడు ఉండగానే పూతకు వస్తున్నాయి. కారణం చలి కాదని, పగటి నిడివి అని ఆయన పట్టుకున్నాడు. రెండేళ్లకు మరో అడుగు వేసి, పగలు తగ్గడం కన్నా రాత్రి పెరగడమే పూతకు ప్రధాన కారణం అయ్యుండాలని రాశాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలోనే ఆయన చనిపోయాడు. మొక్కలు రాత్రిని కొలుస్తాయన్న ఊహ మనిషికి మొదట తట్టింది గంజాయి జాతి మొక్క దగ్గరే. ఆ యువకుడు ఇంకో పదేళ్లు బతికి ఉంటే ఈ శాస్త్రం మొత్తానికి ఆయన పేరే ఉండేదని నా నమ్మకం.

ఆ పేరు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్‌లకు దక్కింది. వాళ్ల దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది. వేసవంతా తాడిలా పెరుగుతూనే ఉంటుంది, పూయదు. గింజ కట్టేలోపు మంచు వచ్చి చంపేస్తుంది. అచ్చం మా అమ్మాయి పెరట్లో గోంగూర బాధే! వాళ్లు కుండీలను సాయంత్రం నాలుగింటికి చీకటి కొట్టంలోకి తోసి, మర్నాడు ఉదయం తొమ్మిదింటికి బయటికి తెచ్చేవారు. కొట్టంలో పడుకున్న మొక్కలు పూశాయి. బయట ఉన్నవి పూయలేదు. 1920లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

గోగు కూడా ఈ తెగదే. పగలు సుమారు పన్నెండున్నర గంటల కంటే ఎక్కువ ఉన్నంతకాలం ఆకూ కాడా వేస్తూ పోతుంది. దానికి దిగువకు తగ్గిందంటే మొగ్గ తొడుగుతుంది. మా శ్రీకాకుళంలో అతి పెద్ద పగలు పదమూడు గంటల పైచిలుకు. జూన్‌లో విత్తిన గోగు సెప్టెంబరు వచ్చేసరికి 'ఇక రాత్రి పెరిగింది' అని గుర్తించి, అక్టోబరులో పూసి, సంక్రాంతిలోపు గింజ ఇచ్చేస్తుంది. మంచు దెబ్బ తగిలే మాటే లేదు. న్యూజెర్సీ వేసవిలో పగలు పదిహేను గంటలు. అక్కడ గోగుకు రాత్రి పెరిగిందని తెలిసేది సెప్టెంబరు సగం దాటాక. మొగ్గ తొడిగేది అక్టోబరు మధ్యలో. మంచు వచ్చేదీ అప్పుడే. ఏడేళ్లుగా మా అమ్మాయి మట్టి మార్చింది, ఎరువు మార్చింది, విత్తనం మార్చింది. మార్చాల్సింది రాత్రిని అని ఎవరూ చెప్పలేదు.

బేస్‌మెంట్‌లో రాత్రి మన చేతిలో ఉంటుంది. ఈ ఒక్క మాట అర్థమయ్యాక నాకు ఆ బల్బుల మీద గౌరవం పెరిగింది. బల్బు వెలిగించడం సగం పనే. ఏ వేళకు ఆర్పాలో తెలియడం మిగతా సగం.

అర మీద లెక్క

అర మూడడుగుల పొడవు, అడుగున్నర కన్నా కాస్త తక్కువ వెడల్పు. పైన ఒక చెక్కబద్దకు ఎనిమిది హోల్డర్లు రెండు వరసలుగా బిగించాడు అల్లుడు. ప్రతి బల్బుకూ అల్యూమినియం గొడుగు. ఒక టైమర్. పక్కలకు తెల్ల అట్టలు, పక్కలకు పోయే వెలుగు వృథా కాకుండా. ఒక్కో బల్బు 800 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. ఫోనులోని వెలుగు కొలిచే యాప్‌తో ఆకుల ఎత్తున చూస్తే దాదాపు 12 వేల లక్స్ చూపింది. బాగుందే అనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం మన పొలంలో అది లక్ష దాటుతుంది.

ఇక్కడ కళ్లు మోసం చేస్తాయి. మన కంటికి గది వెలుగు, బయట వెలుగు పెద్ద తేడాగా అనిపించవు. మొక్కకు ఆ తేడా అన్నం మెతుకులో తేడా. నేను కూర్చుని లెక్క వేశాను. ఎండ బాగా కాసే రోజు మన ప్రాంతంలో ఒక చదరపు మీటరు నేల మీద పడే వెలుగును 9 వాట్ల బల్బులతో ఇవ్వాలంటే, రోజుకు పద్నాలుగు గంటలు వెలిగించినా కనీసం యాభై, అరవై బల్బులు కావాలి. అవి ఇచ్చిన వెలుగంతా ఒక్క చుక్క పోకుండా ఆకుల మీదే పడితే! సూర్యుడు ఉచితంగా ఏమిస్తున్నాడో అప్పుడు తెలిసింది. అందుకే బల్బు కింద మొక్కలు చిన్నవిగానే ఉండాలి. మనిషెత్తు గోంగూర కుదరదు. మోకాలెత్తు కుదురుతుంది.

రెండో సంగతి దూరం. దీపానికి దూరం సగం చేస్తే అందే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. మామూలుగా కొత్తవాళ్లు చేసే పొరపాటు బల్బును రెండడుగుల ఎత్తున కట్టి, మొక్క సాగిపోతోందని దిగులుపడటం. మేం ఆకు పైన జానెడు లోపలే ఉంచాం. మొక్క పెరిగేకొద్దీ బద్దను పైకి జరిపాం. పాత ఫిలమెంట్ బల్బును జానెడు దూరంలో పెడితే ఆకు మాడిపోయేది, ఎందుకంటే అది తాగే కరెంటులో చాలా భాగం వేడిగానే పోయేది. ఎల్‌ఈడీ కింద అరచేయి పెట్టి నిమిషం ఉంచగలిగితే మొక్కకూ సుఖమే.

ఎర్ర, నీలం కలిసిన ఊదారంగు దీపాలు కొనాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఆకు పచ్చగా కనిపిస్తోంది కాబట్టి ఆకుపచ్చ వెలుగును పూర్తిగా తిప్పికొడుతుందని మనం బడిలో చదువుకున్నాం. 1970ల మొదట్లో టెక్సస్‌లో కీత్ మెక్రీ అనే శాస్త్రవేత్త ఇరవైరెండు రకాల పంట మొక్కల ఆకుల మీద రంగు రంగుకూ కొలిచి చూశాడు. ఆకుపచ్చ వెలుగును కూడా ఆకులు బాగానే వాడుకుంటాయని తేలింది. ఇంట్లో తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం దీపమే. పైన పూసిన పసుపు పొడి ఆ నీలంలో కొంత భాగాన్ని తక్కిన రంగులుగా మారుస్తుంది. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఆ బల్బులు 36 కోట్లకు పైగా పంపిణీ అయి గుడిసెలకూ చేరాయి. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు 2015 ఆగస్టులో ఎల్‌ఈడీల కింద పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకు తిన్నారు. అదే కుటుంబానికి చెందిన దీపం మన వరండాలో వెలుగుతోంది. పసుపు వెలుగు బల్బు కన్నా, పెట్టె మీద 5000 లేదా 6500 అని రాసి ఉండే తెల్ల బల్బు తీసుకుంటే మొక్క గుబురుగా, పొట్టిగా ఉంటుంది. ఎంపికలో ఇంతకుమించి మర్మం లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. వెలుగు పెరుగుతుందని కొందరు బల్బు పైనున్న తెల్లబుర్రను ఊడదీసి వాడతారు. లోపలి పలకలో నేరుగా ఇంటి కరెంటు పారుతుంటుంది. కింద తడి మట్టి, చేతిలో నీళ్ల చెంబు. దయచేసి ఆ పని చేయకండి.

ఖర్చు విషయం. ఎనిమిది బల్బులు కలిసి 72 వాట్లు. రోజుకు పదహారు గంటలంటే నెలకు దాదాపు 35 యూనిట్లు. యూనిట్ 20 సెంట్ల లెక్కన నెలకు ఏడు డాలర్లు. ఆ డబ్బుతో ఓక్ ట్రీ రోడ్డులోని ఏ భారతీయ దుకాణంలోనైనా గోంగూర కొనుక్కోవచ్చు. లాభం కోసం చేసే పని కాదిది. ఎండ రాని ఫ్లాట్‌లో హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇలా చేద్దామనుకునేవాళ్లు సగం అర, నాలుగు బల్బులు, మెంతి, కొత్తిమీర, పుదీనాతో మొదలుపెట్టండి. రోజుకు పన్నెండు పదమూడు గంటలు వెలిగిస్తే నెలకు 13, 14 యూనిట్లు దాటదు. కొత్తిమీరకు వెలుగు గంటలు మరీ పెంచకూడదు. దాని స్వభావం గోగుకు ఎదురు. పగలు పెరిగితే అది పూతకు పోతుంది.

అర్ధరాత్రి మీటింగ్

అక్టోబరు 5న విత్తాం. అయిదోరోజు మొలకలు. మొదటి ఆకులు గుండ్రంగా హృదయం ఆకారంలో ఉంటాయి. నాలుగైదు ఆకుల తర్వాత వేళ్లు విడతాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి పదిదాకా పదహారు గంటల వెలుగు. నవంబరు మధ్యకు జానెడున్నర ఎత్తు, ఎర్రటి కాడ. ఒకసారి కోసి పచ్చడి చేశాం. పులుపు కొంచెం తక్కువ అనిపించింది. అయినా వెల్లుల్లి పోపు పడి, వేడన్నంలో కలిపాక అల్లుడు మాట్లాడకుండా మూడుసార్లు పెట్టించుకున్నాడు.

నవంబరు 15న ఆరు కుండీలను అలాంటి బల్బులే కట్టిన వేరే అరకు మార్చాం. వాటికి ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరుదాకా పదకొండు గంటలే వెలుగు. మిగిలింది రాత్రి. నెలలో మొగ్గ రావాలి. డిసెంబరు 15 దాటింది, లేదు. డిసెంబరు 20, లేదు. పొడవు పగటి అర మీదున్న మొక్కలకూ వీటికీ తేడాయే లేదు. గింజల్లోనే లోపం ఉందేమో అనుకున్నాను. విత్తనం పాతదేమోనని అమ్మాయి అంది. ఒక రాత్రి నిద్ర పట్టక మంచినీళ్లకు కిందికి వచ్చి చూద్దును కదా, బేస్‌మెంట్ తలుపు కింద వెలుగు. అల్లుడు ట్యూబులైటు వేసుకుని బల్ల దగ్గర కూర్చుని హైదరాబాద్ ఆఫీసుతో మాట్లాడుతున్నాడు. అక్కడ పదిన్నర ఉదయం, ఇక్కడ పన్నెండు అర్ధరాత్రి. పిల్లలు లేస్తారని కిందికి దిగి మాట్లాడుకోవడం అతనికి అలవాటు. వారంలో నాలుగు రోజులు, గంట చొప్పున.

అది చూడగానే విషయం అర్థమైంది. 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. వాళ్లు వాడిన మొక్క మన చెరువుగట్ల మీద బట్టలకు అంటుకునే కాయలు కాసే మరులమాతంగి. దానికి పెద్ద రాత్రి ఇస్తే పూస్తుంది. ఆ పెద్ద రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగించి ఆర్పితే పూయదు. పగటి మధ్యలో కొద్దిసేపు చీకటి చేస్తే మాత్రం దానికి ఏమీ పట్టదు. మొక్క లెక్కించేది తెగకుండా సాగిన చీకటినే అని దాంతో తేలింది. వెలుగును, చీకటిని ఎలా పసిగడుతుందో మేరీలాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం కనిపెట్టింది. ఆకులో ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. ఎర్రటి వెలుగు తగలగానే ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో నెమ్మదిగా పాత రూపంలోకి వస్తుంది. మధ్యలో దీపం వెలిగితే మళ్లీ మొదటికి. మా మొక్కలకు వారంలో నాలుగు రాత్రులు, సగంలో ఎవరో గడియారం వెనక్కి తిప్పుతున్నారన్నమాట.

మర్నాడు ఈ విషయం చెబితే అల్లుడు నొచ్చుకున్నాడు. "నా వల్లనా అత్తయ్యా!" అంటూ ఆ సాయంత్రమే బల్లను పై గదిలోకి మోసుకెళ్లాడు. మేం అర చుట్టూ రెండు నల్ల దుప్పట్లు కట్టాం. సాయంత్రం ఆరింటికి దించడం, ఉదయం ఏడింటికి ఎత్తడం నా పని. ఊళ్లో కోళ్లను గంప కింద మూసినట్టు ఉండేది. జనవరి 16న ఆకు మొదట్లో గుండుసూది తలంత మొగ్గ కనిపించింది.

మన దగ్గరా ఈ విద్యను తెలిసి వాడుతున్న రైతులు ఉన్నారు. చామంతి సాగుచేసేవాళ్లు పొలంలో తీగలు లాగి రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. అదీ పెద్ద రాత్రికి పూసే మొక్కే కాబట్టి, రాత్రిని విరిస్తే పూత ఆగుతుంది, కాడ పొడుగవుతుంది. పండగకు ఎన్ని రోజుల ముందు దీపాలు ఆపాలో లెక్క చూసుకుని ఆపుతారు. డ్రాగన్ పండు దీనికి తిరగేసిన కథ. అది పగలు పెద్దదయ్యే నెలల్లో పూస్తుంది. చలికాలంలో రాత్రిపూట ఎల్‌ఈడీలు వెలిగించి అకాలంలో పండు తీస్తున్నారు. అనంతపురం జిల్లాలోనూ ఇలాంటి తోటలున్నాయి. దూరం నుంచి చూస్తే రాత్రి ఆ చేను దీపాల పండగలా ఉంటుంది. ఒక్కో బల్బు మొక్కకు తిండి పెట్టడం లేదు, వేళ మాత్రమే చెబుతోంది. అందుకు పిసరంత వెలుగు చాలు.

ఆరు కుండీల్లో ఏడు కాయలు

మా నాన్నకు ఆకు కాదు, నార ముఖ్యం. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసేవారు. పదిహేను, ఇరవై రోజులకు ఊరంతా ఆ కుళ్లు వాసన. నడుములోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవాళ్ల చేతులు తెల్లగా నానిపోయి ఉండేవి. నారను జనపనార మిల్లులకు పంపేవారు, నెల్లిమర్ల మిల్లు పేరు మా ఇళ్లల్లో చుట్టాల పేరులా వినిపించేది. మిగిలిన తెల్లటి గోగు పుల్లలు దడులకు, పొయ్యిలోకి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు మీద దశాబ్దాలుగా పనిచేసి రకాలు విడుదల చేసింది. ఇప్పుడు మా వైపు గోగు చేలు చాలా తగ్గిపోయాయి. ప్లాస్టిక్ సంచి వచ్చింది, నార ఒలిచే మనుషులు దొరకడం లేదు. నా చిన్నప్పుడు రైలు కిటికీలోంచి చూస్తే ఆ పసుపు ఆగకుండా ఉండేది. అమ్మాయి ఆ చేలు చూడలేదు. అది చూసిన మొదటి గోగుపువ్వు బేస్‌మెంట్‌లోదే.

ఫిబ్రవరి 9 నుంచి పన్నెండు రోజుల్లో పదకొండు పూలు పూశాయి. తుమ్మెద లేని గదిలో గింజ కడుతుందా అని బెంగపడ్డాను. గోగుపువ్వు చాలావరకు తన పుప్పొడితో తానే ఫలించుకుంటుంది. అయినా నమ్మకం కుదరక, మెత్తటి కుంచెతో ఒక్కో పువ్వునూ తాకాను. గది పొడిగాలికి ఎర్రనల్లి పట్టింది. రెండు రోజులు ప్రతి ఆకునూ అడుగున తడిగుడ్డతో తుడిచాం. రెండు పూలు కాయ కట్టకుండానే రాలాయి. రెండు కాయలు పిందెలోనే ఎండాయి. చివరకు నిలిచినవి ఏడు.

మార్చి 24న కాయలు గోధుమరంగుకు తిరిగి, కొనలు విచ్చుకోవడం మొదలెట్టాయి. గోగుకాయ మీద సన్నటి ముళ్లనూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటే రెండు రోజులు దురద. అమ్మాయికి ఆ సంగతి తెలియక ఉత్త చేత్తో పట్టుకుంది. తర్వాత పాత సాక్సు చేతికి తొడుక్కుని, ఇద్దరం వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి కాయలు వలిచాం. మూడు మూలలుండే బూడిదరంగు గింజలు. తప్పవి తీసేసి లెక్కపెడితే నూట ఇరవై ఆరు.

అందులో ఆరు గింజలను తడిగుడ్డలో మూటకట్టి పొయ్యి పక్కన పెట్టాను. నాలుగోరోజు తెల్లవారుజామున నేను విమానానికి బయలుదేరుతుంటే అమ్మాయి ఆ మూట విప్పింది. అయిదు మొలిచాయి. మిగతా నూట ఇరవై పాత పసుపు డబ్బాలో పోసి, పైన కాగితం అంటించి 'అమ్మ గోగు, మేలో విత్తాలి' అని రాసింది.

మొన్న ఫోనులో పెరడు చూపించింది. బారెడు పొడవున గోగు మొలకలు, గుండ్రటి ఆకులతో. వరస చివర నాలుగు మొక్కలు విడిగా కుండీల్లో ఉన్నాయి. "అవేంటే?" అన్నాను.

"సెప్టెంబరులో కిందికి దింపడానికి అమ్మా. ఈసారి దుప్పటి నేనే కడతా."

వెనక నుంచి అల్లుడి గొంతు వినిపించింది, బల్ల ఇంకా పైనే ఉందని చెప్పమంటున్నాడు.